నిప్పు దగ్గర ఎవరి మాట చెల్లాలి?

(అగ్నిమాపక వారోత్సవాల సందర్భంగా గేటు మీటింగులో మన యూనియన్ తరఫున చేసిన ప్రసంగం)



ఏప్రిల్ 14ను దేశమంతా అగ్నిమాపక దినంగా పాటిస్తున్నారు. 1944లో అదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఒక ఓడ తగలబడి పేలింది. అందులో పత్తి బేళ్లూ పేలుడు సామానూ కలిపి ఎక్కించారు. ఆర్పడానికి వెళ్లిన ఫైర్ బ్రిగేడ్ వాళ్లు 66 మంది చనిపోయారు. పొగ కనిపించాక రెండు గంటలకు పైగా వ్యవధి దొరికింది. కెప్టెనూ, రేవు అధికారులూ, మిలిటరీ వాళ్లూ, ఫైర్ బ్రిగేడూ అందరూ అక్కడే ఉన్నారు. ఓడను ముంచాలా, సముద్రంలోకి లాగాలా అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు.

అది యుద్ధకాలం, పరాయి ప్రభుత్వం అంటారేమో. అయితే డబ్బుకూ పనిముట్లకూ కొదవలేని న్యూయార్క్ సంగతి వినండి. అక్కడ అగ్నిమాపక శాఖకు 1915 నుంచి రెస్క్యూ దళం ఉంది. పోలీసు శాఖ 1930లో తన ఎమర్జెన్సీ దళాన్ని పెట్టుకుంది. కారులో ఇరుక్కున్న మనిషిని తీయడం, కూలిన ఇల్లు, ఆగిన లిఫ్టు, ఇద్దరికీ అవే పనులు. ముందు చేరినవాడిదే పేరు. ప్రమాదం జరిగిన చోటే తోపులాటలకు దిగిన రోజులున్నాయి. ఇద్దరూ జీతగాళ్లే, ఇద్దరికీ యూనియన్లున్నాయి. స్పిన్నింగు ఖాతాకూ వీవింగు ఖాతాకూ పడనట్టే అనుకోండి. నవ్వకండి, మనకూ ఉంది ఆ జబ్బు.

1996లో మేయర్ జూలియాని అందరినీ కలపడానికి ఒక ఎమర్జెన్సీ ఆఫీసు తెరిచాడు. ఆఫీసు వచ్చింది గాని ఎవరి పెత్తనం వారిదే, ఎవరి రేడియో వారిదే.

2001 సెప్టెంబర్ 11న రెండు టవర్లను విమానాలు ఢీకొన్నాయి. ఉదయం 9:59కి దక్షిణపు టవర్ కూలింది. ఉత్తరపు టవర్ 10:28 వరకు నిలబడింది. మధ్యలో 29 నిమిషాలు. పైన తిరుగుతున్న పోలీసు హెలికాప్టర్ల కబురు పోలీసుల రేడియోలోనే వినిపించింది. అగ్నిమాపక అధికారులు కూడా వెంటనే దిగి రమ్మన్నారు, కాని ఆ మాట లోపలున్న చాలామందికి అందలేదు. పక్క టవర్ కూలిందనే వాళ్లకు తెలియదు. మెట్ల మీద ఎదురైన పోలీసులు దిగిపొమ్మంటే కొందరు వినలేదని ఒక పోలీసు దళం తర్వాత చెప్పింది. ఆ రోజు అగ్నిమాపక సిబ్బంది 343 మంది, నగర పోలీసులు 23 మంది, పోర్ట్ అథారిటీ పోలీసులు 37 మంది మరణించారు.

అంతా ఈ తగాదా వల్లే అనడం అన్యాయం. ఎత్తయిన భవనంలో రేడియోలు సరిగా పనిచేయలేదు. జనాన్ని వదిలి రాలేక ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మనం చేతులెత్తి నమస్కరించాలి. అయినా ఒకరి కబురు ఇంకొకరికి చేరే దారి ముందే వేసి ఉంటే ఆ 29 నిమిషాలు చాలా పనికొచ్చేవి. 2005లో నగరం కొత్త నిబంధనలు తెచ్చింది. విష రసాయనాల ప్రమాదాల్లో మొదటి పెత్తనం పోలీసులకిచ్చింది. అగ్నిమాపక శాఖ పెద్ద అధికారే నగర కౌన్సిల్ ముందు దాన్ని ఖండించాడు. అంత చావు చూశాక కూడా!

ఇప్పుడు మన సంగతి. 2025 మే 18న షోలాపూర్ ఎం.ఐ.డి.సి.లో తువ్వాళ్ల ఫ్యాక్టరీ కాలి, అక్కడే కాపురమున్న యజమాని కుటుంబంతో, కార్మికులతో కలిపి 8 మంది పోయారు. సాంచాల షెడ్లలోనే పడుకునే మనవాళ్లు ఎందరో! నిప్పంటుకుంటే ఫైరింజనూ, పోలీసూ, వాచ్‌మెనూ, జాబరూ అందరూ అరుస్తారు. లోపల ఎంతమంది ఉన్నారని అడిగితే జవాబు చెప్పేదెవరు? హాజరు పుస్తకం తాళం వేసిన ఆఫీసులో ఉంటుంది. షెడ్డులో పడుకున్నవాడి పేరు అందులోనూ ఉండదు.

కాబట్టి యాజమాన్యాన్ని మేము మూడు కోరుతున్నాం. ప్రతి పాళీకీ ఒక మనిషిని ముందే నిర్ణయించాలి. ఫైరింజను రాగానే అతను వాళ్ల అధికారి పక్కన నిలబడాలి. భోంగా ఎలా మోగితే బయటికి రావాలో అన్ని ఖాతాలకూ ఒకటే గుర్తు ఉండాలి. లోపలున్నవాళ్ల పేర్ల జాబితా గేటు దగ్గర వేలాడాలి.

మూడోదానికి యాజమాన్యం కోసం ఆగనక్కర్లేదు. వచ్చే ఆదివారంలోగా ప్రతి ఖాతా నుంచి రాత్రి పాళీవాళ్ల పేర్లు, షెడ్డులో పడుకునేవాళ్ల పేర్లు రాసి యూనియన్ ఆఫీసులో ఇవ్వండి.