ఊరియా పేరు తీసెయ్యలేదు

డిసెంబరు రాగానే వీధుల్లో నక్షత్రాలు, సెమీ క్రిస్మస్‌లు, రాత్రిళ్లు క్యారల్స్ మొదలవుతాయి. నాకూ సంతోషమే. కానీ పండక్కి ముందొచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలం ముందస్తు సంబరం కాదండీ. చర్చిలో బల్ల మీద ఊదారంగు గుడ్డ పరిచేది పశ్చాత్తాపానికి గుర్తుగా.

ఈ రోజుల్లో ఎక్కడికెళ్లినా వినే మాట ఒకటుంది: దేవుడు దయామయుడు, చేసినవన్నీ మర్చిపోతాడట! వింటే నాకు ఒళ్లు మండుతుంది. పాపాలు జ్ఞాపకం చేసుకోనన్నాడని యిర్మీయాలో ఉంది కదా అని ముందు వరసలో ఎవరో గొణుగుతున్నారు. ఉంది. మళ్లీ తవ్వి శిక్షించనని ఆ మాటకు అర్థం. జరగలేదని కాదు.

మత్తయి మొదటి అధ్యాయం తెరవండి. వంశావళి కనబడగానే పేజీ తిప్పేస్తారు, తిప్పకండి. ఆరో వచనంలో సొలొమోను తల్లి బత్షెబ పేరు లేదు, ఊరియా భార్య అని ఉంది. రక్తసంబంధం లేనివాడు, పైగా అన్యజాతి హిత్తీయుడు. అతని పేరు యేసు వంశావళిలో ఎందుకుంది?

మన ప్రసంగాల్లో దావీదు కన్నీళ్లే తప్ప ఊరియా ఊసుండదు, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. సమూయేలు రెండో గ్రంథం 23వ అధ్యాయంలో దావీదు శూరుల జాబితా ఉంది, అందులో చివరి పేరు ఇతనిదే. ఊరియా భార్యతో చేసిన పాపం కప్పిపుచ్చుకోవడానికి రాజైన దావీదు అతన్ని యుద్ధం నుంచి రప్పించి ఇంటికి వెళ్లమన్నాడు. తోటివాళ్లు బయట గుడారాల్లో ఉంటే తానెలా వెళ్తానని అతను రాజనగరు గుమ్మం దగ్గర సేవకులతో పడుకున్నాడు. మర్నాడు తాగించినా ఇల్లు తొక్కలేదు. అప్పుడు రాజు సేనాధిపతి యోవాబుకు ఉత్తరం రాసి ఊరియా చేతికే ఇచ్చాడు. అతన్ని పోరు ముమ్మరంగా ఉన్నచోట నిలబెట్టి వెనక్కి తగ్గండని అందులో ఉంది. తన చావును తనే మోసుకెళ్లాడు ఆ మనిషి!

ప్రవక్త నాతాను నిలదీశాడు, దావీదు ఒప్పుకున్నాడు, క్షమాపణ అక్కడికక్కడే దొరికింది. అయినా కత్తి ఆ ఇంటిని వదల్లేదు. 1,000 ఏళ్లు దాటాక రాస్తున్న మత్తయి కూడా ఊరియా పేరు తీసెయ్యలేదు. దేవుడు దావీదును కనికరించాడు, ఊరియాను మరుగుపరచకుండానే కనికరించాడు.

టైమైందని చీటీ వచ్చింది, తొందరగా ముగిస్తాను. పాత నిబంధన దేవుడు కోపిష్ఠి అనేవాళ్లు యోనా చదవండి: నీనెవె మీద దేవుడు జాలిపడ్డాడనే ఆ ప్రవక్త అలిగాడు. యూదా రాజు మనష్షే యెరూషలేమును నిరపరాధుల రక్తంతో నింపాడు, 55 ఏళ్లు ఏలాడు. బందీగా ఉండి మొరపెడితే దేవుడు విన్నాడని దినవృత్తాంతాల్లో ఉంది. అతని పేరూ ఆ వంశావళిలోనే, పదో వచనంలో చూసుకోండి.

ఇక పశ్చాత్తాపపడినవాళ్లు ఏం చెయ్యాలో బాప్తిస్మమిచ్చే యోహాను చెప్పాడు. ఏం చెయ్యాలని అడిగిన సుంకరులతో, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చెయ్యొద్దన్నాడు. సైనికులతో, బెదిరించి డబ్బు గుంజొద్దన్నాడు. తర్వాత జక్కయ్య అనే సుంకరి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. పేదవాడి గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని నాతాను చెప్పిన కథ విని దావీదు వేసిన జరిమానా కూడా నాలుగింతలే. గొర్రెపిల్లకైతే కట్టొచ్చు. ఊరియాకు ఏం కడతాడు?

ఇప్పుడు మీరు అడగండి.