సంతకాలకు తోడు ఆర్డర్లు

అభిమానుల ఆన్‌లైన్ విజ్ఞప్తులకు వీడియో గేమ్ కంపెనీలు దిగివస్తాయా? 2011లో అమెరికాలో నడిచిన ‘ఆపరేషన్ రెయిన్‌ఫాల్’ ఉద్యమాన్ని చూడండి. జపాన్‌లో వచ్చిన ‘జెనోబ్లేడ్ క్రానికల్స్’తో కలిపి మూడు ‘వీ’ (Wii) కన్సోల్ గేములను తమకూ అందించమని అభిమానులు నింటెండోను కోరారు. ఇప్పట్లో ఆ ఉద్దేశం లేదని కంపెనీ తేల్చేసింది. వాళ్లు వెనక్కి తగ్గలేదు. ఉత్తరాలు రాశారు. అంతేనా, అమెజాన్‌లో పాత పేరుతో ఉన్న జెనోబ్లేడ్‌కు ముందస్తు ఆర్డర్లు పెట్టి అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేర్చారు! సంతకం ఇష్టాన్ని చెబుతుంది, ఆర్డరు గిరాకీని చూపిస్తుంది. నా దృష్టిలో అసలు బలం అక్కడే ఉంది. పైగా, యూరప్ కోసం ఆంగ్ల అనువాదం అప్పటికే తయారైంది కాబట్టి కొత్త ఖర్చూ తక్కువే. 2012 ఏప్రిల్‌లో జెనోబ్లేడ్ అమెరికా చేరింది. మిగతా రెండింటినీ ఎక్స్‌సీడ్ సంస్థ విడుదల చేసింది.