ఓ.పి. గదిలో కంప్యూటరు: మనం అడగవలసినవి

(ఆరోగ్య కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



చీటీ కోసం గంటసేపు నిలబడతాం. డాక్టరు ముందు కూర్చునేది రెండు మూడు నిమిషాలు. చెప్పాలనుకున్నదాంట్లో సగం గొంతులోనే ఉండిపోతుంది. ఇప్పుడు ఆ బల్ల మీదకు కంప్యూటరు కూడా వచ్చింది. కొందరికి అదంటే మోజు, కొందరికి భయం. రెండూ పక్కనపెట్టి, అది చేసే పనేమిటో చూద్దాం.

అది నాడి పట్టుకోదు. మన గురించి ఎక్కించిన వివరాలను ముందే రాసిపెట్టిన నియమాలతోనో, పాత రోగుల రికార్డులతోనో పోల్చి చూస్తుంది. ఫలానా పరీక్ష మిగిలిపోయింది, ఈ రెండు మందులూ కలిపి ఇవ్వకూడదు, పెద్దాసుపత్రికి పంపండి అని డాక్టరుకు గుర్తుచేస్తుంది. అంతే.

ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అనే డాక్టరు ఓ.పి. వైద్యం మీద 1976లో ఒక పరిశీలన ప్రచురించాడు. కంప్యూటరు గుర్తుచేసినప్పుడు డాక్టర్లు చేయవలసిన పనిని నూటికి 51 సందర్భాల్లో చేశారు. గుర్తుచేయనప్పుడు 22 సందర్భాల్లోనే. వాళ్లకు తెలియక కాదు, అన్ని వివరాలనూ ప్రతి రోగి దగ్గరా గుర్తుపెట్టుకోవడం మనిషి వల్ల అయ్యే పని కాదన్నాడాయన. ఒక డాక్టరు ఈ మాట ఒప్పుకోవడం నాకు నచ్చింది. “డాక్టరుగారూ, మీరు ఫలానాది మరిచిపోయారు” అనగలిగే ఆడమనిషి మన ఊళ్లలో ఎంతమంది? ఆ మాట ఒక యంత్రం అంటే మనకు మేలే.

అయితే యంత్రానికి ఏం నేర్పారు? 2019లో బ్రిటన్‌లో బాబిలోన్ అనే కంపెనీ తయారుచేసిన ఫోను కార్యక్రమాన్ని ఒక డాక్టరు పరీక్షించాడు. అరవైకి దగ్గరపడిన వయసు, పొగతాగే అలవాటు, ఉన్నట్టుండి ఛాతీనొప్పి, వికారం. పురుషుడని నింపితే గుండెపోటు కావచ్చంది. అవే లక్షణాలకు స్త్రీ అని నింపితే మనసు ఆందోళన వల్ల కావచ్చంది! “ఏం లేదమ్మా, టెన్షన్” అని మనకు చెప్పి పంపే మాటే తెర మీద అచ్చయి వచ్చిందన్నమాట. పాత రికార్డుల్లో ఆడవాళ్ల నొప్పిని ఎలా రాసి ఉంటే, వాటితో నేర్చిన యంత్రం అలాగే చూస్తుంది.

మన దగ్గరి అనుభవం చూడండి. పశ్చిమగోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ 18 పి.హెచ్.సి.ల పరిధిలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్లు ఇచ్చింది. వాళ్లు ఇంటింటికీ వెళ్లి, 40 దాటినవారి బి.పి. చూసి, గుండెజబ్బు ముప్పు ఎంతో లెక్కగట్టారు. డాక్టర్లకూ అలాంటి సలహా పరికరమే ఇచ్చారు. ఫలితాలు 2019లో వచ్చాయి. బి.పి. అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకిందులో ఆశ్చర్యం కనిపించలేదు. ముప్పు ఉందని తెర చెప్పాక నెలనెలా మాత్రలు దొరకాలి, డాక్టరు ఉండాలి, కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి వెళ్లగలగాలి. అవి ట్యాబ్లెట్‌లో ఉండవు కదా. పైగా ఏ కొత్త యంత్రం వచ్చినా దాన్ని మోసేది ఆశాలే, అదీ జీతం లేకుండా, పారితోషికం మీద.

ఇంకొక చిక్కుంది. సలహా సరిగా రావాలంటే ఎన్ని కాన్పులు, ఎన్ని అబార్షన్లు అన్నీ నింపాలి. వెనక అత్తగారు నిలబడి ఉంటుంది. చెప్పకపోతే సలహా తప్పుతుంది, చెబితే ఇంట్లో బతుకు కష్టమవుతుంది. అబార్షన్ చేయించుకున్న స్త్రీ పేరునూ వివరాలనూ చట్టం అనుమతించినవారికి తప్ప ఎవరికీ చెప్పకూడదని 2021 నాటి చట్ట సవరణ అంటోంది. బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కానీ తెరను వరసకు ఎదురుగా పెడితే ఎవరూ నోరు తెరవక్కర్లేదు.

ఈ నెల మీ పి.హెచ్.సి.కి వెళ్లినప్పుడు తెర ఎటు తిరిగి ఉందో చూడండి. వివరాలు నింపేదెవరో, అవి ఇంకెవరికి కనిపిస్తున్నాయో అడగండి. కంప్యూటరు చెప్పినదాన్ని డాక్టరు కాదన్నప్పుడు కారణం రాస్తున్నారా, రోగికి తెలుగులో చెబుతున్నారా అన్నది కూడా రాసుకోండి. ఆ కాగితాలు పట్టుకునే ఆసుపత్రి కమిటీ దగ్గరకు వెళదాం.