లెక్క ముందు, పునాది తర్వాత

సముద్రంలో గాలిమరలు నిలబెట్టే పనిలో ఉన్నాను. గాలి వేగం కొలవడంతోపాటు అక్కడి జీవుల్నీ మేం లెక్కపెట్టాలి. బ్రిటన్‌లో సాధారణంగా రెండేళ్లపాటు, నెలకోసారి విమానం నుంచి సముద్రాన్ని ఫొటోలు తీస్తారు.

లండన్ దగ్గర థేమ్స్ ముఖద్వారంలో 2013లో 175 మరలు ప్రారంభించారు. రెండో దశను 2014లో విరమించారు. అక్కడ చలికాలం గడిపే ఎర్రగొంతు డైవర్ పక్షులపై పరిశీలనకు మరో మూడేళ్లు పట్టడం అందుకు ఒక కారణం. ఆ పక్షులు మరలను చూసి కిలోమీటర్ల దూరం తొలగిపోతాయి. చచ్చిన పక్షి కనిపించదు కనుక, ముందు లెక్క లేకపోతే నష్టమే తెలియదు.

మన తమిళనాడు, గుజరాత్ తీరాల్లోనూ ఇలాంటి మరలు పెట్టే ప్రణాళికలున్నాయి. మన్నార్ సింధుశాఖలో సముద్రపు ఆవులున్నాయి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! జంతుశాస్త్రం చదివినవాళ్లు కూడా మాకు కావాలి. రండి.