దేవుడుంటే ఇన్ని కష్టాలెందుకు? క్రైస్తవం చెప్పిన జవాబులు, అవి ఆగిపోయే చోటు

ఈ ఎపిసోడ్‌లో కొంచెం బరువైన ముచ్చట మాట్లాడుకుందాం. టాపిక్ క్రైస్తవ వేదాంతం గురించే అయినా, ప్రశ్న మాత్రం అందరిదీ. అందుకని చర్చికి పోని వాళ్లు కూడా ఆగి వినండి.

2024 సెప్టెంబర్ 1. మన మహబూబాబాద్ జిల్లాలో ఆ తేదీని మర్చిపోయినవాళ్లు ఉండరు. ముందు రోజు నుంచే తెరిపి లేని వాన. మరిపెడ దగ్గర ఆకేరు వాగు పొంగి తండాల్లోకి వచ్చింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద మట్టి, కంకర మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అటు ఖమ్మంలో మున్నేరు కాలనీలను ముంచింది. మనుషులు పోయారు, గొడ్లు పోయాయి, చేతికి రావాల్సిన పంట పోయింది.

ఇట్లాంటిది జరిగినప్పుడు మన ఊళ్లల్లో మూడు మాటలు వినపడతాయి. ఒకటి, "ఏం పాపం చేసిన్రో ఏమో." రెండు, "దేవుడు పరీక్ష పెడుతున్నాడు." మూడు, "అంతా దేవుని చిత్తం." ఆదరణ కూడికల్లో చూడండి, ఈ మూడింట్లో ఒకటైనా రాకుండా ఉండదు. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదని చెప్తారు. కానీ వినేది ఎవరు? నిన్న బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఆమె చెవిలో ఆ మాట ఎట్ల పడుతుంది అన్నదే ఇయ్యాల మన అసలు పాయింట్.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. దేవుడు సర్వశక్తిమంతుడు. దేవుడు పూర్తిగా మంచివాడు. అయినా లోకంలో చెడు ఉంది, బాధ ఉంది. ఈ మూడు కలిసి ఎట్ల నిలబడతాయి? ఆపగలిగీ ఆపట్లేదంటే మంచివాడెట్ల? ఆపాలని ఉన్నా ఆపలేకపోతే సర్వశక్తిమంతుడెట్ల? ఇది కొత్త ప్రశ్న కాదు. క్రీస్తుకు ముందే గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పేరు మీద చెప్పుకుంటారు. 1955లో జె.ఎల్. మ్యాకీ అనే ఫిలాసఫర్ దీన్నే గట్టి లాజిక్‌గా రాసి, ఈ మూడూ ఒకేసారి నిజం కాలేవన్నాడు.

క్రైస్తవం నుంచి వచ్చిన మొదటి పెద్ద జవాబు స్వేచ్ఛ. నాలుగు, ఐదు శతాబ్దాల మధ్య ఉత్తర ఆఫ్రికాలో బతికిన అగస్టీన్ ఏమంటాడంటే, చెడు అనేది దేవుడు తయారుచేసిన వస్తువు కాదు. వెలుతురు లేకపోతే చీకటి అంటాం కదా, అట్ల మంచి తక్కువైన చోట కనపడేదే చెడు. మనుషులు తమకిచ్చిన స్వేచ్ఛను తప్పుగా వాడారు, దాంతో లోకం పాడైంది. మ్యాకీకి జవాబుగా 1974లో ఆల్విన్ ప్లాంటింగా ఈ వాదాన్ని ఇంకా పదును పెట్టాడు. నిజంగా స్వేచ్ఛ ఉన్న మనిషి చేత ఎప్పుడూ మంచే చేయించడం కుదరదు, చేయిస్తే అది స్వేచ్ఛ కాదు అన్నాడు. ఆ లాజిక్ చిక్కు వరకు ఆయన గెలిచాడనే చాలామంది ఫిలాసఫర్లు ఒప్పుకున్నారు.

తాగి బండి నడిపి ఒకరిని గుద్దితే, కట్నం కోసం కోడల్ని చంపితే, కులం పేరు మీద కొడితే, అక్కడ ఈ జవాబు పనిచేస్తుంది. చేసింది మనిషి. కానీ ఆకేరు వాగుకు ఏం స్వేచ్ఛ ఉంది? వాగు కావాలని రాలేదు కదా. అక్కడ ఈ జవాబు మోకాళ్ల లోతు వరకే వస్తుంది.

రెండో జవాబు, కష్టం మనిషిని తయారు చేస్తుంది అనేది. రెండో శతాబ్దంలో లియోన్ బిషప్‌గా ఉన్న ఇరేనియస్ ఆలోచన ఇది. మనిషి పూర్తయి పుట్టలేదు, ఎదగాలి అంటాడాయన. 1966లో జాన్ హిక్ దాన్ని పట్టుకుని పెద్ద పుస్తకమే రాశాడు. దెబ్బే తగలని లోకంలో ధైర్యం ఎక్కడ పుడుతుంది, ఆకలే లేని లోకంలో దయ ఎక్కడ పుడుతుంది అని అడుగుతాడు. ఇందులో నిజముంది. క్యాన్సర్ నుంచి బయటపడ్డ మనిషి "ఆ రోజులే నన్ను మార్చినయి" అంటే మనం తలవంచి వినాలి. కానీ అదే మాట పక్కనోడు చెప్తే? మూడేళ్ల పిల్ల జ్వరంతో పోతే, ఆ పిల్ల ఏం నేర్చుకుంది? తల్లికి పాఠం చెప్పడానికి బిడ్డను తీసుకుపోయే దేవుణ్ణి ఎవరు నమ్మాలి? బాధపడ్డవాళ్ల నోట్లో సాక్ష్యంగా ఉండే మాట, చూసేవాళ్ల నోట్లో రాయి అయితది.

ఇక మూడోది, మనం ఎక్కువ వినేది: పాపానికి శిక్ష. నిజాయితీగా చెప్పుకోవాలంటే బైబిల్లో ఈ ఆలోచన ఉంది. ద్వితీయోపదేశకాండంలో ఉంది, ప్రవక్తల పుస్తకాల్లో ఉంది. అయితే ఆ ఆలోచనతో గొడవ పడే పుస్తకాలు కూడా అదే బైబిల్లో ఉన్నాయి. లూకా సువార్త 13వ అధ్యాయం తీయండి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతా అందరికంటే పాపులా అని యేసే అడిగి, కాదని తానే చెప్తాడు. మిగిలినవాళ్లనే మీరు మారండి అంటాడు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు అడుగుతారు, వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలా అని. వీడూ కాదు, వాళ్లూ కాదు అంటాడు. అక్కడితో ఆగడు, అతనికి చూపు ఇస్తాడు. అంటే "ఏం పాపం చేసిన్రో" అనే మాటను కొట్టేసింది నాస్తికులు కాదు. యేసే.

ఇప్పుడు యోబు దగ్గరికి వద్దాం. కథ తెలిసిందే. ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒళ్లంతా కురుపులు. ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. మొదట వాళ్లు చేసిన పని చాలామంది గమనించరు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత నోరు తెరిచారు, అంతే, చెడింది అక్కడే. నువ్వేదో తప్పు చేసుంటావు, దేవుడు అన్యాయం చేయడు కదా అని అధ్యాయాలకు అధ్యాయాలు వాదిస్తారు. వాళ్లు చెప్పినవి వింటే మంచి ప్రసంగంలాగే ఉంటాయి. యోబు మాత్రం దేవుని మీదే కేసు వేసినట్టు మాట్లాడతాడు. చివర్లో దేవుడు తీర్పు ఎవరి వైపు ఇచ్చాడు? దేవుణ్ణి వెనకేసుకొచ్చిన ముగ్గురి మీద కోప్పడ్డాడు. నా గురించి సరిగ్గా మాట్లాడింది యోబే అన్నాడు. 42వ అధ్యాయంలో ఉంది, చూసుకోండి. అయినా యోబుకు ఎందుకు జరిగింది అన్న వివరణ మాత్రం దేవుడు ఇవ్వడు. ఆ పుస్తకం అక్కడ ఖాళీ వదిలేసింది. మనం దాన్ని నింపాలని చూస్తాం.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ముందు దాన్ని నిలబెడతాం. ఎందుకు పడిందో రూట్ కాజ్ రిపోర్ట్ తర్వాత రాస్తాం. యోబు స్నేహితులు సర్వర్ కాలుతుంటే రిపోర్ట్ రాశారు. పైగా ఆ రిపోర్టూ తప్పే.

సి.ఎస్. లూయిస్ సంగతి వినండి. 1940లో ఆయన బాధ అనే సమస్య మీద చక్కని వాదనలతో ఒక పుస్తకం రాశాడు. 1960లో ఆయన భార్య క్యాన్సర్‌తో చనిపోయింది. మరుసటి ఏడాది ఇంకో పుస్తకం వచ్చింది, మారుపేరుతో. అందులో వాదన తక్కువ, ఏడుపు ఎక్కువ. దేవుని తలుపు మూసుకుపోయినట్టుందని రాసుకున్నాడు. విశ్వాసం వదల్లేదు, కానీ మొదటి పుస్తకంలో ఉన్న ధీమా రెండో దాంట్లో లేదు. అన్నీ తెలిసిన మనిషికే ఆ పరిస్థితి వస్తే, మన ఇంటి పక్కన ఏడ్చే అక్కను "విశ్వాసం తక్కువైంది" అని ఎట్ల అంటాం?

ఏడవడానికి, అడగడానికి బైబిల్లో ఎంత చోటుందో తెలుసా? 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలే. ఎంతకాలం ప్రభువా, ఎక్కడున్నావు, ఎందుకు ముఖం దాచుకున్నావు అని అడిగేవే. 88వ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది, చివర్లో "హల్లెలూయ" కూడా ఉండదు. మన కూడికల్లో స్తుతి పాటలు ఎన్నో పాడతాం. ఇట్లాంటివి ఎన్ని పాడతాం?

మన తెలుగులో కూడా ఈ అడగడం ఉంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' రాశారు. గుడి లోపలికి రానివ్వని మనిషి, గుడిలోకి పోగలిగే గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి తన గోడు పంపిస్తాడు. అది శివుడికి చెప్పుకున్న గోడే కావచ్చు, కానీ దేవుణ్ణి నిలదీసే హక్కు బాధపడేవాడికి ఉందని చెప్పడంలో అది యోబు పక్కన కూర్చుంటుంది.

ఇక సిలువ. క్రైస్తవంలో మిగతా జవాబులకంటే ఇది వేరే రకం. యుర్గెన్ మోల్ట్‌మన్ అనే జర్మన్, 1943లో హాంబర్గ్ మీద బాంబులు పడ్డప్పుడు కుర్రాడు. పక్కనే నిలబడ్డ స్నేహితుడు చనిపోయాడు, ఈయన బతికాడు. తర్వాత యుద్ధ ఖైదీ అయ్యాడు. 1972లో వచ్చిన ఆయన పుస్తకం సారం ఏంటంటే, దేవుడు పైనుంచి మన బాధను చూస్తూ లేడు, సిలువ మీద ఆ బాధ లోపలే ఉన్నాడు. ఎందుకు నన్ను వదిలేశావు అని అరిచింది యేసే కదా.

మన దగ్గరికొస్తే, డోర్నకల్ చూడండి. తిరునెల్వేలి నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1939లో ప్రారంభమైన అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ రైలు దిగితే ఇప్పటికీ చూడొచ్చు. ఆ డయాసిస్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలు. ఊరు బయట ఉంచబడ్డ మనుషులకు, ఊరు బయట సిలువేయబడ్డ దేవుని కథ వేరే తీరుగా వినపడుతుంది. 1980ల్లో అరవింద్ నిర్మల్ లాంటి వాళ్లు దళిత వేదాంతం అని దీన్నే మాటల్లో పెట్టారు. వేదాంతం సిద్ధాంతంతో మొదలు కావద్దు, బాధతో మొదలు కావాలన్నారు.

దీనికీ ఒక ఎదురు ప్రశ్న ఉంది, దాచొద్దు. నీళ్లల్లో మునుగుతున్నవాడి పక్కన దేవుడు కూడా మునిగితే నాకేం లాభం, బయటికి లాగేవాడు కావాలి కదా? న్యాయమైన ప్రశ్న. క్రైస్తవులు దీనికి పునరుత్థానం అంటారు, చివరి మాట చావుది కాదంటారు. అది నిరీక్షణ. రుజువు కాదు. నమ్మేవాళ్లు కూడా ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి.

చివరగా ఆ మూడో మాట, "అంతా దేవుని చిత్తం." ఇది ఓదార్పు కూడా అవుతుంది, తప్పించుకునే దారి కూడా అవుతుంది. వాన ఎవరి చేతిలో లేదు. కానీ వాగు దారిలో కట్టడాలు, తెగే చెరువు కట్టలు, టైముకు అందని హెచ్చరిక, ఇవి మనుషుల పనులు. వాటిని దేవుని ఖాతాలో రాస్తే ఎవరూ జవాబు చెప్పాల్సిన అవసరం ఉండదు. దేవుడికి చెడ్డపేరు, మనుషులకు క్లీన్ చిట్.

1876-78 కరువు టైంలో ఒంగోలులో బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ ఏం చేశాడో చూడండి. కరువెందుకొచ్చిందో ప్రసంగం చెప్తూ కూర్చోలేదు. బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ నెలల్లో బాప్తిస్మం ఇవ్వడం ఆపేశాడు, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రావొద్దని. సాయం ముగిశాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మీరు మిషనరీల గురించి ఏమనుకున్నా సరే, ఆకలిని వాడుకోవద్దన్న ఆ జాగ్రత్త మాత్రం ఇవాళ్టి సాయాలకూ పనికొస్తుంది.

కాబట్టి ఫ్రెండ్స్, నేను చెప్పేది ఇంతే. స్వేచ్ఛ, ఎదుగుదల, సిలువ, ఇవన్నీ ఆలోచించాల్సినవే, చదవండి, కొట్లాడండి. కానీ అవి మన గదిలో, మన స్టడీ గ్రూపులో మాట్లాడుకునేవి. చావింటి అరుగు మీద కాదు. అక్కడికి పోతే ముందు కూర్చోండి. అన్నం తిన్నారా అడగండి. నష్టపరిహారం దరఖాస్తు ఉంటే నింపిపెట్టండి, రాకపోతే మండల ఆఫీసుకు తోడు పోండి. పదకొండో రోజు, నలభయ్యో రోజు అయ్యాక అందరూ మర్చిపోతారు, అప్పుడు ఒక ఫోన్ చేయండి. వాళ్లు "దేవుడు ఎందుకిట్ల చేసిండు?" అని అడిగితే, "నాకు తెల్వదు అక్కా" అనండి. అది విశ్వాసం తక్కువై అనే మాట కాదు. యోబు స్నేహితులు ఆ ఒక్క మాట అని ఉంటే ఆ పుస్తకం సగానికి సగం తగ్గేది.

మీ ఇంట్లో, మీ చర్చిలో ఇట్లాంటి టైంలో మీకు నిజంగా ఆసరా అయిన మాట ఏది, పని ఏది? రాయండి, చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో హబక్కూకు గురించి. చిన్న పుస్తకం, మూడే అధ్యాయాలు, ముందే చదివి రండి. ఉంటా మరి.