మన పేరుతో వచ్చిన మెయిలు మనదేనా?

(ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజకీయాలు మాట్లాడుకునే వేదిక మీద మెయిళ్ళ గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. పోయిన నెల అధ్యక్షులవారి పేరుతో, అచ్చంగా మన ఫోరం చిరునామాతో ఒక మెయిలు వెళ్ళింది. అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమని. మనలో ఒక పెద్దాయన నమ్మి 400 డాలర్లు పోగొట్టుకున్నారు. ఫోరం మెయిళ్ళు చూసేది నేనే కాబట్టి ఇందులో నా తప్పూ ఉంది.

1982లో మెయిలు నియమాలు రాసినప్పుడు పంపేవాడు నిజంగా ఎవరని అడిగే ఏర్పాటు లేదు. ఎవరి పేరైనా రాసుకోవచ్చు. ఆ లోటు తీర్చడానికి తర్వాత మూడు పద్ధతులు వచ్చాయి. మూడింటికీ డొమైన్ యజమాని డీఎన్‌ఎస్‌లో రికార్డులు పెట్టుకోవాలి.

ఎస్‌పీఎఫ్ అంటే మన తరఫున మెయిలు పంపే సర్వర్ల జాబితా. డీకిమ్ అంటే మెయిలు మీద డిజిటల్ సంతకం. మనకు ఈ రెండూ ఉన్నాయి, చాలనుకున్నాను. చాలలేదు. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీది చిరునామాని. మీకు తెర మీద కనిపించేది లోపలి ఉత్తరం మీది పేరు. మోసగాడు కవరు మీద తన డొమైన్ రాసి, లోపల మన పేరు పెట్టి, తనిఖీలో నెగ్గాడు!

మూడోది డీమార్క్. కవరు మీది డొమైన్ గానీ, సంతకం పెట్టిన డొమైన్ గానీ పైకి కనిపించే డొమైన్‌తో కలవాలంటుంది. కలవకపోతే ఊరుకోవాలో, స్పామ్‌లో వేయాలో, తిప్పికొట్టాలో కూడా మనమే చెప్పవచ్చు. రోజుకు 5000కు పైగా పంపేవారికి జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి మూడూ తప్పనిసరి చేసింది. మనం అన్ని పంపం కదా అని నేను బద్ధకించాను.

ఇప్పుడు పెట్టాను. అయితే ఒక్కసారిగా బిగించలేదు. విరాళాల రసీదులు వేరే సర్వీసు నుంచి వెళ్తాయి. దాన్ని సరిచేయకుండా బిగిస్తే మన రసీదులే వెనక్కి వస్తాయి. రోజూ వచ్చే నివేదికలు చూసుకుని, అన్నీ సరిపోయాక 'తిప్పికొట్టు' అని మారుస్తాను.

ఇది సర్వరోగ నివారిణి కాదు. స్పామ్ పంపేవాడూ తన డొమైన్‌కు ఇవన్నీ పెట్టుకోగలడు. మన పేరులో ఒక అక్షరం మార్చి కొత్త డొమైన్ కొనుక్కోగలడు. ఈ రికార్డులు పంపింది ఏ డొమైనో చెబుతాయి గానీ, మంచివాడని చెప్పవు. కానీ ఎవరో తేలితేనే కదా వడపోతకు ఎవరి చరిత్ర ఏమిటో లెక్క దొరికేది.

అందుకే డబ్బు అడిగే మెయిలు ఎవరి పేరుతో వచ్చినా ముందు ఫోన్ చేయండి. "మన ఫోరం కదా అని పంపాను బాబూ" అన్నారు ఆ పెద్దాయన నాతో. ఆ నమ్మకమే మన ఆస్తి. దాన్ని కాపాడుకుందాం.

సెలవు.