శీతోష్ణస్థితి గణితము – కాప్రా చెరువు

హైదరాబాదు తూర్పుభాగమున, కాప్రా ప్రాంతమునందు ఏ.ఎస్. రావు నగర్ అను పేట కలదు. ఆ రావుగారెవరో అచ్చట బస్సు దిగువారిలో ఎఱిగినవారు కొందరే. పశ్చిమగోదావరి జిల్లాకు చెందిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో ఇచ్చట నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుకు ఆద్యులు. మన దేశమున తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటియగు టి.డి.సి.-12 ఆ సంస్థదే. ఆనాడు కంప్యూటరు దర్శనమే దుర్లభము. నేడు అదే పేటలోని విద్యార్థి తన బల్లమీది యంత్రముతో ఒక చిన్న ప్రాంతపు శీతోష్ణస్థితిని లెక్కింపవచ్చును. అందులకు వలయు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు వెల లేకయే లభించుచున్నది. అంతకన్న ముఖ్యముగా, దాని లోపలి సూత్రములను చదువుటకును, మార్చుటకును అందఱకు అనుమతి కలదు.

నమూనా యనగా మఱేమియు గాదు. గాలిని, నేలను, సముద్రమును గడులుగా విభజించి, ప్రతి గడియందును వేడిమి, తేమ, గాలివేగము ఎట్లు మారునో భౌతికశాస్త్ర సూత్రములతో లెక్కగట్టుటయే. పూణేలోని ఉష్ణమండల వాతావరణశాస్త్ర సంస్థవారి భూవ్యవస్థా నమూనాలో గాలి గడి యొక్కొక్కటి సుమారు 200 కిలోమీటర్ల వెడల్పు. కాప్రాయు వరంగల్లును ఒకే గడిలో ఇమిడిపోవచ్చును! నూఱేండ్ల మార్పు తెలిసికొనుటకు అది చాలును గాని, మన పేటలోని వానకు చాలదు. అందువలన ప్రాంతీయ నమూనాలు పుట్టినవి. అబ్దుస్ సలాం 1964లో ఇటలీలోని ట్రియెస్ట్ నగరమున స్థాపించిన కేంద్రమువారు రెగ్‌సియం అను నమూనాను ఉచితముగా పంచుచు, వర్ధమానదేశముల శాస్త్రజ్ఞులకు శిక్షణయు నిచ్చుచున్నారు. అమెరికావారి డబ్ల్యు.ఆర్.ఎఫ్. కూడ అట్టిదే. ఇవి 1957 నాటి ఫోర్ట్రాన్ భాషలో వ్రాయబడినవి. శ్రోతలలో తాతగారెవరైన ఆ భాష నేర్చినవారున్నచో, మనుమలకు సాయపడవచ్చును.

ఇక అసలు చిక్కు. నేల ఎట్టిదో నమూనాకు ముందుగా చెప్పవలెను: ఇచ్చట పొలము, ఇచ్చట నీరు, ఇచ్చట ఇండ్లు అని. ఈ నమూనాలలో చిరకాలము వాడిన పటము 1992, 1993 సంవత్సరముల ఉపగ్రహ చిత్రములనుండి తయారైనది. పిమ్మట నాచారము, ఉప్పలు, కాప్రా పరిసరములలో ఎన్నియో కాలనీలు లేచినవి. కాప్రా, ఉప్పలు పురపాలక సంఘములు 2007లో మహానగరమున విలీనమైనవి. పటము మాత్రము నేటి కాలనీని నాటి పొలమనియే తలచును. పొలము నీటిని పీల్చి, ఆవిరిగా విడిచి చల్లబడును. సిమెంటు పగటి వేడిని రాత్రిదాక దాచుకొనును. నేల తప్పైనచో, సూత్రము ఒప్పైనను ఫలితము తప్పగును.

మూతవేసిన సాఫ్ట్‌వేరైనచో ఇచ్చటనే ఆగవలసివచ్చును. తెఱచియున్న దానియందు విద్యార్థి ఆ పటపు ఫైలును విప్పి, బాలానగరమందలి జాతీయ దూరసంవేదన కేంద్రమువారి భూవినియోగ పటముతో సరిచూచి, తప్పిన గడులను మార్చి, ఒకే వానను రెండుమార్లు లెక్కింపవచ్చును. 2020 అక్టోబరు 13 నాటి వాన అందులకు మంచి పరీక్ష. నాడు ఘట్‌కేసర్ వైపున 30 సెంటీమీటర్లకు మించి కురిసెను. హబ్సిగూడ, రామంతాపురము వీధులు జలమయమయ్యెను. రెండు లెక్కలలో ఏది వానమాపకమునకు చేరువగా నున్నదో చూడవలెను. ఒక్క వానతో నమూనా నెగ్గినదని చాటరాదు. పది వానలైనను పరీక్షింపవలెను. నాలాలో నీరెట్లు పారునో ఈ నమూనాలు చెప్పవు. దానికి ఎస్.డబ్ల్యు.ఎం.ఎం. అను వేఱొక ఉచిత సాఫ్ట్‌వేరు కలదు.

ఆ పాతపటమున గడి వెడల్పు సుమారు ఒక కిలోమీటరు. కాప్రా చెరువు అట్టి ఒక్క గడిని కూడ నింపజాలదు. కావున అది పటమునకు ఎక్కకయే పోవచ్చును. గట్టువెంట నడిచి, నేడు నీరెంతవఱకున్నదో కొలిచి వచ్చిన విద్యార్థి దానిని మరల చేర్పగలడు.